గాడి కొలవనిదే గుండు కొనొద్దు, అల్లుడా

కడప,
ఆదివారం

అల్లుడా,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "అన్నా, వాడు టెక్సాస్‌లో తుపాకీ కొన్నాడంట, తూటాలు గూడా ఇంట్లోనే చేసుకుంటాడంట" అని. మన సీమలో పుట్టిన ఆడబిడ్డ చెవిన తూటా అనే మాట పడితే ఏం గుర్తుకొస్తుందో నీకు చెప్పాల్సిన పని లేదు. నాటుబాంబుల చప్పుడుకు మంచం కింద దూరిన పిల్ల అది. ఇది ఆ పని కాదమ్మా, కొలతల పని, కంసాలి పని మాదిరి ఓపికతో చేసేది అని సర్దిచెప్పినా. చెప్పి ఫోన్ పెట్టినాక నాకే నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు నువ్వు వీడియోలో ఆ రైఫిల్ తిప్పి చూపిస్తే నాకు కండ్లు చెమర్చినాయి. నిజం చెప్తాండా. దాని మెడ మీద ఇషాపూర్ ముద్ర ఉండాది, బెంగాల్లోని మన తుపాకుల ఫ్యాక్టరీది. సైన్యంలో యంత్రాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకుల మెకానిక్‌గా, నేను ఎన్ని ఇషాపూర్ రైఫిళ్లు విప్పినానో, ఎన్ని బోల్టులు రుద్దినానో లెక్క లేదు. వాటిలో ఒకటి సముద్రాలు దాటి పోయి మా ఇంటి బిడ్డ చేతికే వచ్చింది. గ్రీన్ కార్డు వచ్చినాకే కొన్నావని విని ఇంకా సంతోషపడినా. చట్టం దారిలో నడిచేవాడివి నువ్వు.

కానీ ఆ తర్వాత నువ్వు అన్న మాట ఒకటి నా గుండెలో ముల్లు మాదిరి దిగింది. "మామా, .308 గుండ్లు చౌకగా దొరుకుతాండాయి. .303 కంటే .308 ఎట్లా పెద్దదే కదా, పట్టేస్తాయిలే" అన్నావు. గుండంటే తూటా మొత్తం కాదు, తూటా కొసన కూర్చుని బయటికి పోయే ముక్క. ఆ అంకెలు దాని లావు, అంగుళాల్లో. ఈ ఉత్తరం దానికోసమే రాస్తాండా.

మిగతా సంగతులు పుస్తకాల్లో ఉంటాయి, నువ్వు చదువుకున్నోడివి. తుపాకీమందు కొలత, పుస్తకం చెప్పిన కింది అంకె నుంచి మొదలుపెట్టు. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాల. పని చేసేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టు. ఇంట్లో చంటిబిడ్డ ఉంది, మందును అంటించే ప్రైమర్లకు తాళం వెయ్యి.

ఇప్పుడు అసలు మాట. బ్యారెల్ లోపల ఏముంటుందో తెలుసు కదా. పసుపు తోటలో కాలవకూ కాలవకూ మధ్య గట్టు ఉన్నట్టు, లోపల మెలి తిరిగిన గాడులు, గాడులకు మధ్య గట్లు ఉంటాయి. .303 అని పేరు పెట్టినోళ్లు గట్టు నుంచి ఎదురు గట్టుకు కొలిచినారు. .308 అని పేరు పెట్టినోళ్లు గాడి నుంచి ఎదురు గాడికి కొలిచినారు. .308 రైఫిల్లో గట్టు నుంచి గట్టుకు .300 మాత్రమే. అంటే పేరులో చిన్నదిగా కనపడే .303 లోపల నిజానికి పెద్దది. దానికి పట్టే గుండు .311 గానీ .312 గానీ. నువ్వు కొనబోయే .308 గుండు దాంట్లో వదులుగా పోతుంది. గాడులు దాన్ని గట్టిగా పట్టి తిప్పలేవు. వేడి గ్యాసు పక్కనుంచి జారి బ్యారెల్‌ను కొరుకుతుంది. గుండు గాల్లో పల్టీలు కొట్టుకుంటూ పోయి అట్టకు అడ్డంగా తగలొచ్చు. తాళంచెవి రంధ్రం మాదిరి చిల్లు పడిందంటే ముందు దీన్నే అనుమానించు.

వదులైతే గురి పోతుంది, బ్యారెల్ అరుగుతుంది, అంతవరకే. లావైతే మనిషి పోతాడు. ఎట్లా తెలుసంటావా, చెప్తా. మీ అత్తకు తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

1970లో నాకు ఇరవై మూడేండ్లు. ఉత్తరాన ఒక వర్క్‌షాప్‌లో ఉన్నా. కొత్తగా ట్రేడ్ పరీక్ష పాసై, నాకు తెలియని తుపాకీ లేదనుకునే వయసు. మా మేజర్ సాబ్ దగ్గర వాళ్ల నాయన వదిలిపోయిన జర్మన్ రైఫిల్ ఒకటి ఉండేది, వేటకని కుదించి తయారు చేసింది. అప్పటికి 1972 వన్యప్రాణి చట్టం రాలేదు, అడవిపందిని కొట్టేది మామూలే. దానికి తూటాలు దొరక్క, వాళ్ల తమ్ముడు ఇంగ్లండ్ నుంచి తెచ్చిచ్చిన సామానుతో సాబే కూర్చుని తూటాలు కట్టుకున్నాడు. గుండ్లు కూడా తమ్ముడు తెచ్చినవే, ఎనిమిది మిల్లీమీటర్లవి. నన్ను పిలిచి, "బోర్ చూసి చెప్పు, ఇవి పట్టేవేనా?" అని అడిగినాడు.

బ్యారెల్ మీద 7.9 అని కొట్టి ఉంది. నేను వెర్నియర్ దవడలు మూతిలో పెట్టి చూసినా. 7.9 వచ్చింది. "ఎనిమిదే సాబ్, సరిగ్గా ఉంది" అని కాగితం మీద రాసిచ్చినా. రెండు నిమిషాల పని.

నేను కొలిచింది గట్లు. కొలవాల్సింది గాడులు. 1888 నాటి జర్మన్ రైఫిల్ రకానికి గాడుల దగ్గర .318. ఆ తర్వాత జర్మన్లే గాడిని లోతు చేసి .323 గుండుకు మారినారు. రెండిటికీ గట్ల కొలత దాదాపు ఒకటే, రెండిటినీ ఎనిమిది మిల్లీమీటర్లనే పిలుస్తారు. సాబ్ రైఫిల్ పాత రకం. గుండ్లు కొత్త రకం. మధ్యలో ఐదు థౌ తేడా, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. రెండు తలవెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత.

రేంజిలో మొదటి తూటా ఎక్కించేటప్పుడు, దాని వెనక మూసే బోల్టు చివర్లో కాస్త పట్టినట్టయింది. సాబ్ నా వైపు చూసినాడు. "కొత్త ఇత్తడి కేసులు సాబ్, సర్దుకుంటాయి" అన్నా, అంటే తూటా గొట్టాలు. ఆ మాట నాకు ఈనాటికీ చెవిలో వినపడుతుంది. కాల్చినాక బోల్టు తెరవడానికి అరచేత్తో కొట్టాల్సొచ్చింది. రెండోదానికీ అంతే. రైఫిల్ రెండుసార్లు నోరు తెరిచి చెప్పింది. నేను పక్కనే నిలబడి వినలేదు.

మూడోదానికి కేసు అడుగు చీలింది. గ్యాసు బోల్టు పక్కనుంచి వెనక్కి కొట్టింది. ఇత్తడి తునక ఒకటి సాబ్ కుడి కంట్లో దిగింది. ఆయన నేల మీద కూర్చుని, ముఖం మీద చెయ్యి పెట్టుకుని, వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతాంటే మొదట అడిగిన మాట "నీకేం కాలేదు కదా?" అని.

కన్ను దక్కలేదు. విచారణలో ఆయన నా కాగితం ఊసే ఎత్తలేదు. నా రైఫిల్, నా తూటాలు, నా తొందర అని రాసిచ్చినాడు. ఆ రాత్రి నేను ఆ బ్యారెల్‌లో సీసం దింపి కొలిచినా. .318. గంట పని. ఆ గంట పొద్దున పెట్టి ఉంటే ఆయన రెండు కండ్లతో రిటైరయ్యేవాడు. ఆ తర్వాత పద్దెనిమిదేండ్లు ఉద్యోగం చేసినా. బ్యారెల్ మీద కొట్టిన అంకెను నమ్మి ఒక్క సంతకం పెట్టలేదు.

అందుకని నువ్వూ నమ్మొద్దు. ఇషాపూర్‌వే మూడు రకాలు ఒకే ముఖంతో తిరుగుతాంటాయి. .303 ఒకటి. అదే ఆకారంలో 1960లలో 7.62 మిల్లీమీటర్లకు చేసిన 2ఏ, 2ఏ1 ఇంకొకటి, వాటికైతే .308 గుండే సరి. పోలీసుల కోసం .303నే తొలిచి .410కి మార్చినవి మూడోరకం. నీ మ్యాగజైన్ అడుగు ఏటవాలుగా ఉంది, చదరంగా లేదు, కాబట్టి .303 అనే అనుకుంటాండా. అనుకోవడం కొలత కాదు.

కొలిచే పద్ధతి చెప్తా. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి బోల్టు బయటికి తియ్యి. మెత్తని స్వచ్ఛమైన సీసం, చేపల గాలానికి కట్టేది చాలు, బ్యారెల్ రంధ్రం కంటే ఒక పిసరు లావుగా ఉండాల. బ్యారెల్‌కు పల్చగా నూనె రాసి, ఇత్తడి కడ్డీ ఆనించి, చిన్న సుత్తితో మూతి నుంచి మెల్లగా దింపు. చేతికి బిగుతు ఎక్కడ తెలుస్తాందో, వదులు ఎక్కడ తెలుస్తాందో గమనించు. గుండు మొదట దూకే చోట గొంతు అరిగిపోయి ఉండొచ్చు, అక్కడ ఇంకో సీసం ముక్కతో విడిగా చూడు. పని అయినాక బ్యారెల్‌లోంచి వెలుతురు చూసి, లోపల ఏమీ మిగల్లేదని తేల్చుకో. అడ్డం ఉన్న బ్యారెల్‌లో కాల్చితే అది చీలొచ్చు.

ఇక్కడ నీ ఇషాపూర్ దగ్గర ఒక మెలిక ఉంది. దానికి ఐదు గాడులు, ఎడమకు తిరుగుతాయి. ఐదంటే బేసి. గాడికి ఎదురుగా గాడి రాదు, గట్టు వస్తుంది. కాబట్టి సీసం ముక్కను మామూలు వెర్నియర్‌తో పట్టుకుంటే అంకె తక్కువ చూపిస్తుంది. ".308 వచ్చింది మామా, నేను చెప్పినట్టే" అని నువ్వు ఫోన్ చేస్తావేమో అని నా భయం. ఐదు గాడులకని చేసిన వీ-ఆన్విల్ మైక్రోమీటర్ దొరికితే కొను. లేకుంటే ఒక థౌ మందం ఉన్న ఇత్తడి రేకును ఒకే చుట్టు బిగువుగా చుట్టి, మైక్రోమీటర్‌తో కొలిచి, రెండు థౌ తీసెయ్యి. చుట్టూ తిప్పి ఐదారు చోట్ల చూడు. .313, .314 వస్తే గాబరా పడొద్దు, నీ ఇషాపూర్ మాదిరి పాత ఎన్‌ఫీల్డు రకం రైఫిళ్లకు అది మామూలే. రాగి తొడుగు గుండైతే .312, అడుగు చదరంగా ఉన్నది తీసుకో, అది వెనక నుంచి ఒత్తిడికి ఉబ్బి గాడిని నింపుతుంది. సీసం పోసి చేసిన గుండైతే, అది మెత్తన కాబట్టి, గాడి కంటే ఒకటి రెండు థౌ లావు ఉండొచ్చు. కానీ గుండు లావైనకొద్దీ కేసు మెడ కూడా లావవుతుంది. మెడ విప్పుకునేదానికి, తూటా కూర్చునే చాంబర్‌లో చోటు ఉండాల. ముందు మందూ ప్రైమర్ లేని ఉత్త తూటా ఒకటి కట్టి బోల్టు మూసి చూడు. పట్టినట్టు అనిపిస్తే ఆగు. సర్దుకుంటుందిలే అని మాత్రం అనుకోవద్దు, నాయనా.

కండ్లద్దాలు. కొనే సామాన్లలో మొదటిది అదే కావాల. కంటి పక్కలు కూడా మూసేవి. నువ్వు అద్దాలు పెట్టుకుని కూర్చున్న ఫోటో మీ అమ్మకు కాదు, నాకు పంపు.

నీకు ఆరేండ్లప్పుడు గుర్తుందా, ఇంటి ముందర నాపరాళ్ల అరుగు మీద కూర్చుని సైకిల్ బేరింగు గోళీలు నా వెర్నియర్‌తో కొలిచేవాడివి. ఒకటి అరిగింది పట్టుకుని "మామా, ఇది తక్కువుంది" అని పరిగెత్తుకొచ్చినావు. నాకు కనపడని తేడా నీకు కనపడింది. ఆ రోజు మీ అమ్మతో చెప్పినా, వీడి చేతికి కొలత వచ్చిందని. ఆ వెర్నియర్ ఇంకా నా దగ్గరే ఉంది, నూనెగుడ్డలో చుట్టి పెట్టినా. నువ్వొచ్చినప్పుడు తీసుకుపో.

వచ్చేటప్పుడు ఇంకో సంగతి. ఆ బల్ల దగ్గర తిరిగే సంచి ఇండియాకు తేవద్దు. మరిచిపోయిన తూటా ఒక్కటి జేబులో ఉన్నా విమానాశ్రయంలో 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. సంక్రాంతికని వచ్చి కోర్టు చుట్టూ తిరగాల్సొస్తుంది. కొత్త పెట్టె కొనుక్కో, డబ్బులు నేనిస్తా.

ఈ వారం సీసం దింపు. అంకె ఫోన్లో చెప్పొద్దు, కాగితం మీద రాసి, ముక్క పక్కన పెట్టి ఫోటో పంపు. నా జవాబు వచ్చేదాకా మందు డబ్బా మూత తియ్యొద్దు.

మీ మామ