ఉపగ్రహ చిత్రాలతో పక్షులను, జంతువులను లెక్కపెట్టవచ్చా?

సాధారణంగా లెక్కపెట్టలేం, కానీ అవి బతికే చోటు ఎలా మారుతోందో ఉపగ్రహ చిత్రాలతో బాగా తెలుసుకోవచ్చు.

కారణం చిత్రంలోని చుక్క (పిక్సెల్) సైజు. యూరప్ వారి సెంటినెల్-2 ఉచితంగా ఇచ్చే చిత్రాల్లో అతి చిన్న చుక్క కూడా నేలమీద 10 మీటర్ల చదరం. అందులో గూడబాతు కనబడదు. ఆకుల స్థితి మాత్రం తెలుస్తుంది: పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని చాలావరకు వెనక్కి పంపుతుంది. ఆకు వాడిపోతే రెండింటి మధ్య తేడా తగ్గుతుంది. ఆ తేడాతో కట్టే సూచికే ఎన్‌డీవీఐ.

కొల్లేరునే చూడండి. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల జాబితా అయిన రామ్సర్ జాబితాలో చేరిన ఈ సరస్సులో చేపల చెరువుల గట్లు పైనుంచి గళ్లుగళ్లుగా స్పష్టంగా కనిపిస్తాయి. 1970ల నుంచి ఉన్న, అమెరికా వారి లాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలను వరసగా పెట్టి చూస్తే, సహజమైన చిత్తడి ఎక్కడ చెరువుగా మారిందో, 2006లో గట్లు కొట్టేశాక ఏ భాగం ఎలా ఉందో పోల్చవచ్చు. అంత విస్తీర్ణాన్ని నేలమీద తిరిగి ఇలా కొలవడం చాలా కష్టం.

పచ్చగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. ఇది ప్రమాదకరమైన పొరపాటు. గుర్రపుడెక్క కమ్మేసిన నీరు కూడా మంచి ఎన్‌డీవీఐ చూపిస్తుంది, కింద ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తున్నా సరే. ఒకే జాతి చెట్లున్న జామాయిల్ తోటా అంతే. అందుకే పక్షులను లెక్కించేవాళ్లు, నీటి నమూనాలు తీసేవాళ్లు ఇప్పటికీ కావాలి.