ఇంగ్లండ్ పాత కలప ఇళ్లన్నీ నలుపు-తెలుపుల్లోనే ఎందుకు ఉంటాయి?

మొదట్లో అలా ఉండేవి కావు. దూలాలకు నలుపు పూయడం చాలా వరకు పంతొమ్మిదో శతాబ్దపు మోజు. చెషర్‌లోని లిటిల్ మోర్టన్ హాల్ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. దాని ఓక్ దుంగలు కూడా ఒకప్పుడు ఏ పూతా లేకుండా ఎండకూ వానకూ బూడిదరంగు తేలినవే.

నా మాట నమ్మకపోతే వెస్ట్ ససెక్స్‌లో సింగిల్టన్‌లో పాత ఇళ్ల మ్యూజియానికి వెళ్లి, నల్లరంగు పూయని రైతు ఇల్లు 'బేలీఫ్' చూడండి. పదిహేనో శతాబ్దం తొలినాళ్లది. కెంట్‌లో బౌ బీచ్ జలాశయం కింద మునిగిపోయేది; 1960ల చివర్లో ఏ దుంగకు ఆ దుంగ విప్పి తెచ్చి, తర్వాత ఇక్కడ నిలబెట్టారు. దుంగల కొసలకు చెక్కిన కూసాలను పక్క దుంగల్లోని తొలుల్లో, అంటే రంధ్రాల్లో, దూర్చి కొయ్యచీలలు దిగ్గొట్టిన ఇల్లు కాబట్టి అది సాధ్యమైంది. ఆ కాలపు వడ్రంగులు పచ్చి ఓక్‌నే చెక్కేవారు, ఎండితే ఉలి సులువుగా దిగదు. చట్రం ముందు తమ దగ్గరే అమర్చి చూసుకుని, దుంగల మీద రోమన్ అంకెలు గీసి, విప్పి స్థలానికి చేర్చేవారు.

మేము వెళ్లిన రోజు నడిమి హాల్లో నేల మీదే మంట వేశారు. పొగగొట్టం లేదు, అటకా లేదు. పొగ నేరుగా కప్పు కిందికి లేచి పెంకుల సందుల్లోంచి పోవాలి. కిటికీలకు అద్దాలు లేవు, నిలువు కొయ్య కడ్డీలే. నిలబడ్డవాళ్లందరికీ కళ్లు మండాయి. చీర మీద స్వెటరు వేసుకున్న మా అమ్మ మాత్రం పొట్టి బల్ల మీద నింపాదిగా కూర్చుని, "కట్టెలు పచ్చివిరా, ఆ పెద్దదాన్ని కాస్త వెనక్కి లాగమను" అంది. నేను చెబితే అక్కడి ఆవిడ లాగింది. కాసేపటికి పొగ పైకి తేలి, కింద ఊపిరాడింది. ఆ ఇంట్లో అందరూ కిందికి కూర్చునే బతికారని నా గట్టి నమ్మకం.

ఇక ఈ ఇళ్లను నిజంగా చంపేది సిమెంటు. దుంగల మధ్య తడికల మీది మట్టి, సున్నం చెమ్మను బయటికి వదులుతాయి. సిమెంటు దాన్ని దుంగ పక్కనే బంధిస్తుంది, దుంగ కుళ్లుతుంది. మేము అద్దెకున్న పాత ఇంటి యజమాని గోడలకు సిమెంటు, దూలాలకు నల్లరంగు దట్టంగా పట్టించాడు. గోడ అడుగున ఉండే దుంగలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. ఖాళీ చేసేటప్పుడు, గోడలకు బూజు పట్టించింది మేమేనని డిపాజిట్‌లో కోత పెట్టాడు.