సెల్‌ఫ్రిడ్జా, కెల్లీయా: తొలి మరణం ఎవరిది?

మీరు రాస్తున్న వ్యాసం కోసం వెతికితే, అమెరికా సైన్యంలో విమాన ప్రమాదానికి తొలిగా బలైనవారిగా ఒకచోట సెల్‌ఫ్రిడ్జ్ పేరు, మరోచోట కెల్లీ పేరు కనిపించిందని, ఏది సరైనదని అడిగారు. తేడా ఒక్కటే: విమానం నడిపింది ఎవరు?

1908 సెప్టెంబరు 17న వర్జీనియాలోని ఫోర్ట్ మయర్ సైనిక స్థావరంలో విమానం నడిపింది రైట్ సోదరుల్లో ఒకరైన ఆర్విల్ రైట్. లెఫ్టినెంట్ సెల్‌ఫ్రిడ్జ్ పక్కన కూర్చున్న ప్రయాణికుడు మాత్రమే. ప్రొపెల్లర్ రెక్క చీలి, చుక్కానిని బిగించి ఉంచే తీగకు తగిలింది. విమానం అదుపు తప్పి ముక్కు నేలకు గుద్దుకుంది. సెల్‌ఫ్రిడ్జ్ చనిపోయారు; తొడ ఎముక విరిగినా ఆర్విల్ బతికారు.

లెఫ్టినెంట్ జార్జ్ కెల్లీ 1911 మే 10న టెక్సాస్‌లోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో, పైలట్ అర్హత కోసం తానే కర్టిస్ సంస్థ తయారుచేసిన విమానం నడుపుతూ, దిగే వేళ కూలి చనిపోయారు. గుడారాల్లోని సైనికులపై పడకుండా విమానాన్ని తప్పించబోయారని చెబుతారు. నాకు ఆ మాట తలచుకుంటేనే మనసు బరువెక్కుతుంది. ఆ ప్రమాదం తర్వాత సైనిక పైలట్ల శిక్షణ మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌కు మారింది.

కాబట్టి మీ వ్యాసంలో కెల్లీని ‘విమానం నడుపుతూ మరణించిన తొలి అమెరికా సైనిక పైలట్’ అని రాయండి.