చైతూ, కార్డు కొనే ముందు ఆ సిస్టమ్ మూత తీసి చూడు

నాన్నా చైతూ,

నిన్న రాత్రి ఆర్టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది పిన్నీ, శనివారమే డబ్బులిచ్చి తెచ్చేసుకుంటా అన్నావు. అప్పటికే పదకొండు దాటింది, సరే చూద్దాం అని పెట్టేశాను కానీ నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను, మొత్తం చదివాకే డబ్బులు కదుపు.

నువ్వు కొన్నది డెల్ ఆప్టిప్లెక్స్ 7050 టవర్, ఐ5-7500 ప్రాసెసర్. ఆఫీసుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్సెల్ నడపడానికి చేసిన సిస్టమ్ అది. గట్టిదే, మా కాలేజీ ల్యాబ్‌లో అలాంటి ఆఫీసు సిస్టమ్‌లను నేను పద్దెనిమిదేళ్లు చూసుకున్నాను, ఏళ్ల తరబడి కిమ్మనకుండా పనిచేస్తాయి. కానీ వాటిలో ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు పంచే డబ్బా, ఆ ఆఫీసు పనికి సరిపడా మాత్రమే పెడతారు. నువ్వు పంపిన ఫోటోలో స్టికర్ మీద 240 వాట్లు అని స్పష్టంగా ఉంది. ఇప్పుడు లెక్క వెయ్యి. ప్రాసెసర్‌కి 65, 4060కి 115, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఓ 40 అనుకో, 220 అయింది. 240 లోపే కదా అంటావు, కానీ గేమ్‌లో లోడ్ పడినప్పుడు కార్డు క్షణకాలం ఈ లెక్క దాటి లాగుతుంది, అప్పుడే సిస్టమ్ టప్పున ఆగిపోయేది. అదంతా పక్కన పెట్టు, 4060కి విడిగా 8 పిన్ కేబుల్ కావాలి, నీ ఎస్‌ఎంపీఎస్ నుంచి ఆ కేబుల్ రావట్లేదు. ఫోటోలో వెతికాను, లేదు.

ఇక్కడే ఎవరో ఒకరు నీకు ఓ కన్వర్టర్ చేతిలో పెడతారు. హార్డ్ డిస్క్‌కి వెళ్లే సాటా పవర్ కేబుల్‌కి తగిలించి, అవతలి వైపు 8 పిన్ చేసే ముక్క. దయచేసి అది మాత్రం కొనకు నాన్నా. సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు మూడే, ఒక్కోటి 1.5 ఆంపియర్లు, అంటే మొత్తం 54 వాట్లు. 8 పిన్ సాకెట్ 150 దాకా లాగగలదు. మా ల్యాబ్‌లో ఒకసారి ప్రాజెక్ట్ పిల్లల కోసం హడావిడిగా కార్డు పెట్టాల్సి వచ్చి నేనే ఒప్పుకున్నాను, షాపతను ఏం కాదు మేడమ్ అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ల్యాబ్‌లోకి అడుగుపెడుతూనే కాలిన వాసన. మూత తీస్తే ఆ నల్ల ప్లాస్టిక్ ముక్క ఒక మూల గోధుమ రంగుకి తిరిగి, కరిగి, డిస్క్ పిన్నులకి అతుక్కుపోయి ఉంది, పటకారుతో లాగినా రాలేదు. డిస్క్ పోయింది, అందులో ఒక అమ్మాయి ప్రాజెక్ట్ మొత్తం ఉంది. బ్యాకప్ లేదు. ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తే.

అందుకే నా మాట ఇది: ఈ సిస్టమ్‌నే వాడాలంటే బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ నుంచి వచ్చే కరెంటుతోనే నడిచే కార్డు తీసుకో. పెద్ద స్లాట్ 75 వాట్ల దాకా ఇస్తుంది. ఆ లోపల నడిచేవాటిలో ఇప్పుడు నీకు పనికొచ్చేది ఆర్టీఎక్స్ 3050 6 జీబీ, 2024లో వచ్చింది, 70 వాట్లు. జాగ్రత్త, 3050 పేరుతోనే 8 జీబీది కూడా ఉంది, అది 130 వాట్లు, దానికి విడిగా కేబుల్ కావాలి. షాపులో 3050 ఇవ్వండి అని ఊరుకోకు, డబ్బా మీద 6 జీబీ చదివి, కార్డు పై అంచున పవర్ సాకెట్ లేదని కళ్లతో చూసి తీసుకో. నీ బ్లెండర్ 3డి సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి, 1080పీలో సెట్టింగ్స్ కాస్త తగ్గించి గేమ్స్ ఆడుకోవడానికి అది చాలు. ధర తక్కువని ఆర్‌ఎక్స్ 6400 వైపు వెళ్లకు, అది బోర్డుతో డేటా నడిపే దారులు, అంటే లేన్లు, నాలుగే వాడుతుంది, నీ బోర్డు స్లాట్ పాత తరం పీసీఐఈ 3.0 కాబట్టి దాని వేగం ఇంకా పడిపోతుంది, పైగా వీడియోని కుదించి రికార్డు చేసే ఎన్‌కోడర్ లేదు, నీ స్క్రీన్ రికార్డింగులకి ఇబ్బంది.

ఎస్‌ఎంపీఎస్ మార్చేస్తే సరి కదా అని అడుగుతావని తెలుసు. నీ బోర్డుకి మామూలు 24 పిన్ ప్లగ్ పట్టదు, డెల్ వాళ్ల సొంత కనెక్టర్ ఉంటుంది, దానికో అడాప్టర్, కొత్త ఎస్‌ఎంపీఎస్ ఆ గూట్లో కూర్చుంటుందో లేదో కొలతలు, ఇంత చేశాక కూడా ప్రాసెసర్‌కి ఉన్నవి నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు, అంటే ఒకేసారి నాలుగు పనులే. కొత్త గేముల్లో కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తుంది. 4060 మీద అంత మనసుంటే ఇప్పుడు ఆగు, ఏడాది డబ్బు దాచుకుని బోర్డు, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్ కొత్తగా తీసుకుని అప్పుడు పెట్టుకో. అదే నయం.

కార్డు కంటే ముందు ర్యామ్ చూడు. ఇప్పుడు ఒకటే 8 జీబీ స్టిక్ ఉందన్నావు, ఇంకో 8 వేస్తే డ్యూయల్ ఛానల్ అవుతుంది, అంటే రెండూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి, ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది.

బెంగళూరులో కంప్యూటర్ భాగాలు అమ్మే ఎస్‌పీ రోడ్‌కి ఆదివారం వెళ్లకు, చాలా షాపులు మూసి ఉంటాయి. శనివారం పొద్దున్నే మార్కెట్ బస్సెక్కు, టౌన్ హాల్ దగ్గర దిగితే నడిచేంత దూరమే. మారతహళ్లి నుంచి ట్రాఫిక్ సంగతి నీకే బాగా తెలుసు. ఒకే షాపులో కొనెయ్యకుండా మూడు చోట్ల ధర అడుగు, తెలుగులో మాట్లాడేవాళ్లు కూడా దొరుకుతారు, కానీ మనవాడే కదా అని బిల్లు వదిలెయ్యకు. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకో. సెకండ్ హ్యాండ్ అయితే అక్కడే సిస్టమ్‌లో పెట్టించి కార్డుకి పూర్తి లోడ్ ఇచ్చే ఫర్‌మార్క్ పదిహేను నిమిషాలు నడపమను, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ తెరిచి చూడమను. పాత చిప్‌కి కొత్త పేరు ఎక్కించి అమ్మిన కార్డులుంటాయి, చాలా వాటిని అది పట్టేస్తుంది. నడపడానికి ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్.

బిగించే ముందు రెండు పనులు. విండోస్‌లో సిస్టమ్ వివరాలు చూపే ఎంఎస్‌ఇన్‌ఫో32 తెరిచి బయోస్ (సిస్టమ్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్) మోడ్ దగ్గర కొత్త పద్ధతి యూఈఎఫ్‌ఐ అని ఉందో పాత పద్ధతి లెగసీ అని ఉందో చూడు. లెగసీ అయితే కొత్త కార్డుతో స్క్రీన్ నల్లగానే ఉండిపోవచ్చు, ముందు అది మార్చుకోవాలి, ఎలాగో నేను చెప్తాను, నువ్వు ఒక్కడివే మొదలుపెట్టకు, విండోస్ తెరుచుకోవడం మానేస్తుంది. రెండోది, డెల్ సైట్ నుంచి బయోస్ కొత్తది ఎక్కించు, ఆ పది నిమిషాలు కరెంటు పోకూడదు. మీ పీజీలో ఎండాకాలం పవర్ కట్లు ఎక్కువన్నావు కదా, మా యూపీఎస్ పట్టుకెళ్లు, 600 వీఏది, 360 వాట్లు ఇస్తుంది, ఈ సిస్టమ్‌కి హాయిగా సరిపోతుంది.

తర్వాత ప్లగ్ తీసి, పవర్ బటన్ ఓసారి నొక్కి, క్యాబినెట్ ఇనుము పట్టుకుని అప్పుడు లోపల చెయ్యి పెట్టు. పాత పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులుపు. స్లాట్ చివర చిన్న కొక్కెం టక్‌మని పడే దాకా కార్డు నొక్కు, వెనక స్క్రూ మర్చిపోకు. మానిటర్ కేబుల్ బోర్డుకి కాకుండా కార్డుకే తగిలించాలి. ఇది చిన్న మాటే, కానీ కార్డు పనిచెయ్యట్లేదని నా దగ్గరకి పరిగెత్తుకొచ్చిన పిల్లల్లో చాలామందికి జరిగింది ఇదే.

ఇంకోటి, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 నీ ఏడో తరం ప్రాసెసర్‌ని అధికారికంగా ఒప్పుకోదు. ఈ సిస్టమ్‌కి ఎక్కువ డబ్బు తగలెయ్యొద్దని నేను అంతగా చెప్పడానికి అదీ ఒక కారణం.

శనివారం బయలుదేరేటప్పుడు ఫోన్ చెయ్యి, బసవనగుడి నుంచి నేనూ వస్తాను. ఇవాళ సాయంత్రం మాత్రం మూత తీసి స్లాట్ దగ్గర్నుంచి ముందు గోడ దాకా టేపు పెట్టి కొలిచి ఫోటో పంపు, కార్డు పొడవు అందులో పడుతుందో లేదో చూద్దాం.

పిన్ని