కిల్టు మీదికి ఏ కోటు?

చిరంజీవి కార్తీక్‌కు పెదనాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం.

నువ్వు పంపిన ఫోటో చూశాం. "పిల్లాడు బాగున్నాడు గానీ ఏదో తేడాగా ఉంది" అంది మీ పెద్దమ్మ. ఆ తేడా ఏమిటో నాకు చూడగానే తెలిసిపోయింది. కిల్టు (స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకి చుట్టుకునే గళ్ల ఉన్ని బట్ట) బాగుంది, మేజోళ్లు బాగున్నాయి. పైన తొడుక్కున్నది మాత్రం ఆఫీసు కోటు. ఫోన్‌లో చెబితే సగమే వింటావు కాబట్టి రాస్తున్నాను. నువ్వు కిల్టు కట్టుకుని వెళ్లే ఆ పెళ్లికి ఇంకా ఆరు వారాలుంది, టెన్షన్ పడక్కర్లేదు.

గ్లాస్గో వచ్చిన కొత్తలో నేనూ ఇదే పని చేశాను. ఆఫీసులో ఒకాయన పెళ్లికి కిల్టు అద్దెకు తెచ్చుకున్నాను. కోటుకి మళ్లీ వేరే డబ్బులెందుకని, మా పెళ్లికి కుట్టించిన నీలం సూట్ కోటే వేసుకుని వెళ్లాను. పెళ్లికొడుకు నాన్నమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "నాయనా, నీ స్పోరన్ ఎక్కడ పోయింది?" అని అడిగింది. ఎక్కడికీ పోలేదు, కోటు కింద దాక్కుంది. నడుముకి వేలాడే ఆ తోలుసంచి కనబడకపోతే వాళ్లకి కిల్టు కట్టినట్టే కాదు.

కారణం చిన్నదే. ప్యాంటు మనం బొడ్డు కిందకి దిగేసి వేసుకుంటాం. కిల్టు పై అంచు బొడ్డు కంటే కాస్త పైకే ఉంటుంది, కింది అంచు మోకాలి దగ్గర ఆగుతుంది. దాదాపు ఎనిమిది గజాల ఉన్ని బట్ట అందులో పడుతుంది. పంచెకి కుచ్చిళ్లు ముందుంటాయి, దీనికి వెనకుంటాయి. నడిచేటప్పుడు ఆ కుచ్చిళ్లు ఊగడంలోనే ఉంది అందమంతా. మామూలు కోటు పిరుదుల్ని పూర్తిగా కప్పేస్తుంది. అప్పుడు కుచ్చిళ్లు నలిగిపోతాయి, కోటు అంచు గొడుగులా పైకి లేస్తుంది, కాళ్లు పొట్టిగా కనబడతాయి. అందుకే కిల్టు మీది కోటుని మామూలు కోటు కంటే మూడు నాలుగు అంగుళాలు పొట్టిగా కుడతారు. ముందు మూలల్ని గుండ్రంగా వెనక్కి తీసి, స్పోరన్‌కి దారి వదులుతారు. ముందు ఈ పొడవు సంగతి చూసుకో. రంగూ బట్టా ఆ తరవాత.

(వీళ్లు జాకెట్ అంటారు. నేను కోటు అనే రాస్తున్నాను. "ఏ జాకెట్టు వేసుకోవాలి" అని రాస్తే మీ పెద్దమ్మ పక్కనుంచి చదివి నవ్వుతోంది.)

అద్దె షాపులో అడుగుపెట్టగానే నీ చేతికి ప్రిన్స్ ఛార్లీ కోటు ఇస్తారు. నల్లటిది, ముందు నడుము దాకానే ఉంటుంది, వెనక చిన్న తోక, మెరిసే కాలరు, వెండి రంగు గుండీలు. లోపల మూడు గుండీల వెయిస్ట్‌కోటు, మెడకి బో టై. పై కోటు గుండీలు పెట్టుకోవడానికి కావు, ఊరికే అలంకారం. ఇది తెలియక ఒకసారి కారులో కూర్చుని, వాటిని పెట్టుకుందామని పది నిమిషాలు కుస్తీ పట్టాను. పేరు చూసి ఇదేదో పాతకాలపు రాజకుమారుడి కోటు అనుకోకు. బ్రిటన్ సింహాసనం కోసం పోరాడిన ఆ ప్రిన్స్ ఛార్లీ 1746లో కల్లోడెన్ యుద్ధంలో ఓడిపోయాడు, ఈ కోటు పుట్టింది ఇరవయ్యో శతాబ్దంలో. రాత్రి విందులకి వేసుకోవాల్సిన కోటు ఇది. ఇప్పుడు పెళ్లిళ్లలో మధ్యాహ్నం పన్నెండుకే అందరూ వేసుకుంటున్నారు, ఎవరూ తప్పు పట్టరు. కానీ నాకు మాత్రం ఎండలో ఆ నల్లటి పట్టు కాలరు చూస్తే, బడికి పట్టుపంచె కట్టి పంపిన పిల్లాడు గుర్తొస్తాడు.

ఇంకొకటి, వెయిస్ట్‌కోటు వేసుకుంటే పైన బెల్టు పెట్టకు. రెండూ ఒకేచోట చేరి పొట్ట ముందుకొచ్చినట్టు ఉంటుంది.

నన్నడిగితే నీకు ఆర్గైల్ అనే కోటు మేలు. చేతుల చివర వెడల్పాటి పట్టీ ఉంటుంది, గుండీ పెట్టుకోవచ్చు, బో బదులు మామూలు టై కట్టుకోవచ్చు. నల్లటి ఆర్గైల్ అయితే పగలు చర్చికీ రాత్రి విందుకీ ఒకటే సరిపోతుంది. చేతుల పట్టీ మరీ ఆర్భాటం అనిపిస్తే క్రెయిల్ అని అడుగు, దాని చేతులు సాదాగా ఉంటాయి.

ఒకవేళ కొనుక్కోవాలనుకుంటే మాత్రం ట్వీడ్ (ముతక ఉన్ని బట్ట) కోటు కొను. బ్రేమర్‌లో ఏటా సెప్టెంబరు మొదటి శనివారం హైలాండ్ ఆటలు జరుగుతాయి కదా, అక్కడికి వచ్చే ఛార్లెస్ రాజు ఫోటోలు చూడు. పగటి పూట కిల్టు మీద ట్వీడ్ కోటే ఉంటుంది. హారిస్ ట్వీడ్ అన్న పేరుకి 1993లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో నేతగాళ్లు తమ ఇళ్లలో, చేత్తో నేసిన బట్టకే ఆ ముద్ర వేస్తారు. నేత ఊళ్ల దగ్గర పుట్టినవాళ్లం, ఆ కష్టం విలువ మనకి ఒకరు చెప్పాలా? రంగు ఎంచేటప్పుడు కిల్టు గళ్లలోని సన్నటి గీత ఏదో చూసి, దానికి దగ్గరగా ఉన్న మెత్తటి రంగు తీసుకో. ఏదీ తోచకపోతే ముదురు బూడిద రంగు. కిల్టు మీద గళ్లున్నప్పుడు కోటు మీద మళ్లీ పెద్ద గళ్లు వద్దు.

మఖ్మల్ డబ్లెట్టూ (పాతకాలపు తరహా బిగుతు కోటు), మెడ కింద లేసు కుచ్చూ ఉన్నవి చూపిస్తారు. చూసి మెచ్చుకుని వచ్చేయ్. ముందు తాళ్లు కట్టుకునే జాకోబైట్ అనే చొక్కా కూడా పెళ్లికి వద్దు.

డబ్బులు మిగుల్చుకునే దారి ఒకటుంది, నేను చేసిందే. సెకండ్‌హ్యాండ్ షాపులో మంచి ట్వీడ్ కోటు ఒకటి కొని, దర్జీ చేత కింద కత్తిరించి, ముందు మూలలు గుండ్రంగా తీయించాను. మొదటి కోటు పాడైపోయింది. పొడవు తగ్గించాక జేబులు సరిగ్గా కింది అంచు మీద కూర్చున్నాయి, చెయ్యి పెడితే కుట్టే తగిలింది. రెండోసారి జేబులు పైకి ఉన్నది వెతికాను, అది బాగా కుదిరింది. భుజాల దగ్గర సరిపోని కోటు మాత్రం ఎంత చవకైనా వదిలేయ్. పొడవు ఏ దర్జీ అయినా తగ్గిస్తాడు, భుజాలు సరిచేయడం కొత్త కోటు కుట్టడంతో సమానం.

పెళ్లి నవంబరులో, అదీ స్కాట్లాండ్‌లోని పెర్త్ వైపు పల్లెలో అంటున్నావు. పైన ఏం వేసుకుంటావో ఆలోచించావా? ఆ గాలికి గొడుగు నిలబడదు. నీ దగ్గరున్న రెయిన్‌కోటు తొడ మధ్యలో ఆగుతుంది, దాని మీదినుంచి జారే నీళ్లన్నీ కిల్టు అంచులోకే దిగుతాయి. తడిసిన ఎనిమిది గజాల ఉన్ని ఎంత బరువో మోసినవాడికే తెలుసు. మోకాలు దాటే పొడవాటి ఓవర్‌కోటు తీసుకో, వెనక చీలిక పొడవుగా ఉంటే కుచ్చిళ్లకి చోటుంటుంది. బ్యాగ్‌పైపు వాయించేవాళ్లు వేసుకునే ఇన్వర్నెస్ కేప్ కూడా మంచిదే. దానికి చేతులుండవు, భుజాల మీంచి దుప్పటిలా దిగుతుంది. ఒక్క పెళ్లి కోసం అయితే కొనకు.

రాత్రి కేలీ డాన్సులు (ఇక్కడి జానపద నృత్యాలు) మొదలయ్యాక కోటు తీసేయొచ్చు, అందరూ తీస్తారు. వెయిస్ట్‌కోటు మాత్రం ఉంచుకో. అది లేకపోతే రెండో పాటకే చొక్కా కిల్టులోంచి బయటికి వస్తుంది.

కొలతలకి వెళ్లేటప్పుడు నీ జీన్స్ సైజు చెప్పకు. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవమను. కోటు వేసుకున్నాక అద్దం ముందు ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి నిలబడు, వెనక కుచ్చిళ్లు కనబడాలి. ఆ పక్క ఫోటోనే నాకు పంపు.

నా బూడిద రంగు కోటు ఈ వారం పార్సిల్ చేస్తున్నాను. భుజాలు సరిపోతే ఉంచేసుకో. సరిపోకపోతే వచ్చే సెప్టెంబరులోపు తిరిగి పంపు, బ్రేమర్‌కి నాకు కావాలి.

ఇట్లు
మీ పెదనాన్న