పెళ్లి మాట పక్కన పెట్టి ముందు ఫాఫ్సా నింపు

శ్రావ్యా,

డల్లాస్‌లో గది తీసుకుని, షాపులో పని చేసుకుంటూ యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నావని మీ అమ్మ చెప్పగానే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అంతలోనే ఇంకో మాట చెప్పింది. ఫాఫ్సాలో, అదే కాలేజీ చదువుకు ప్రభుత్వ సాయం అడిగే ఆ ఫారంలో, అమ్మానాన్నల ఆదాయం లెక్కలోకి రాని ఇండిపెండెంట్ అనిపించుకోవడానికి రిజిస్టర్ పెళ్లి చేసుకుంటానన్నావట. అది కుదరకపోతే నన్ను గార్డియన్‌గా రాస్తావట. రాత్రంతా నిద్ర లేదు నాకు.

నాన్న పైసా ఇవ్వనన్నాడు, అద్దె నువ్వే కట్టుకుంటున్నావు, ట్యాక్స్ నువ్వే ఫైల్ చేస్తున్నావు. అన్నీ నిజమే. వాటిలో ఒక్కటీ ఆ ఫారానికి పట్టదమ్మా. 24 ఏళ్లు వచ్చేదాకా అమ్మానాన్నల లెక్కలు అడుగుతారు. పెళ్లి, బిడ్డ పోషణ, సైన్యం, 13 ఏళ్లు నిండాక ఫోస్టర్ కేర్‌లో ఉండటం, ఇలాంటివి ఉంటేనే మినహాయింపు.

ఇక గార్డియన్ సంగతి. ఇక్కడ న్యూజెర్సీ ఎడిసన్‌లో మా స్నేహితురాలి మేనల్లుడు ఇదే చేశాడు. పుట్టింది అమెరికాలో. అమ్మానాన్నలు గుంటూరు వెళ్లిపోతే, హైస్కూలు కోసం మేనమామ ఇంటికి వచ్చాడు. మేనమామే కదా పెంచుతున్నాడని గార్డియన్ ఉన్నట్టు టిక్ పెట్టాడు. కాలేజీవాళ్లు కోర్టు ఆర్డరు అడిగారు. వీళ్ల దగ్గరున్నది వంద రూపాయల స్టాంపు పేపరు మీద గుంటూరులో చేయించిన నోటరీ కాగితం. దాన్ని మా డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఇది చెల్లదా ఆంటీ అని అడిగాడు. చెల్లలేదు. ఫారం సరిచేసి, అక్కడి జీతం డాలర్లలోకి మార్చి మళ్లీ పంపేసరికి కాలేజీ తన గ్రాంట్లు పంచేసింది. ఆ సెమిస్టరు వాడు చేరలేకపోయాడు. తోటివాళ్లు క్లాసులకు వెళ్తుంటే వాడు గ్యాస్ స్టేషన్ కౌంటర్లో నిలబడ్డాడు. నిన్ను అలా చూడలేను నేను.

డబ్బు తేడా ఉంది, కాదనను. మొదటి ఏడాది ఫెడరల్ లోను డిపెండెంట్‌కు 5,500 డాలర్ల దాకా, ఇండిపెండెంట్‌కు 9,500 దాకా. తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ కూడా రావచ్చు, ఎక్కువలో ఎక్కువ 7,395. అయినా దానికోసం పెళ్లా? ఆ అబ్బాయి మంచివాడే అయితే, మీకు చేసుకోవాలనిపించిన రోజు నేనే దగ్గరుండి జరిపిస్తాను. ఫారంలో గడి కోసం మాత్రం వద్దు.

మీ నాన్న బిగుసుకున్నది, ఫారంలో తన పేరుంటే ఫీజు తన నెత్తిన పడుతుందని. తన పేరు మీద పేరెంట్ ప్లస్ లోను తీసుకుంటే తప్ప పడదు. ఆ ఫారం సైటుకు తను చేసుకునే ఎఫ్‌ఎస్‌ఏ ఐడీతో లాగిన్ అయి, ట్యాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ నుంచి వివరాలు తెప్పించుకోవడానికి ఒప్పుకుంటే చాలు. ఆ అంకెలు నీకు కనపడవు కూడా. వాడి పంతం నాకు కొత్త కాదు. ఇంజనీరింగ్ స్కాలర్‌షిప్ ఫారం మీద మీ తాతయ్య సంతకం అడగనని భీష్మించుకుంటే, నేనే పట్టుకెళ్లి పెట్టించాను. ససేమిరా అంటే కాలేజీ ఎయిడ్ ఆఫీసులో చెప్పు, చదువుతుండగానే వడ్డీ పడే అన్‌సబ్సిడైజ్డ్ లోను వరకైనా దొరికే దారి ఉంది.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇల్లు వదిలింది మాటామాటా అనుకునేనా? వాడు చెయ్యి చేసుకున్నాడా? అలాంటిదేమైనా ఉంటే నాకు చెప్పు, తమ్ముడని చూడను. అప్పుడు ఎయిడ్ ఆఫీసులో డిపెండెన్సీ ఓవర్‌రైడ్, అంటే నిన్ను ఇండిపెండెంట్‌గా చూడమని, అడగవచ్చు. కౌన్సెలర్ లాంటివాళ్ల ఉత్తరం పనికొస్తుంది.

లేదంటే ఆదివారం మధ్యాహ్నం వాడికి ఫోన్ చేస్తాను. ఈలోగా నీ ఐడీ నువ్వు చేసుకో. స్కూలు మెయిల్ కాదు, సొంత మెయిల్ పెట్టు.

మీ అత్త