ఊరమిరపకాయల కాపలాలో మూడున్నర నవలలు

"ప్రతి వేసవికీ నాలుగు కొత్త నవలలు కొంటాను. పదిహేను పేజీలు దాటేలోపు చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. మీలో ఎవరికైనా సెలవుల్లో నిజంగా చదవడం కుదిరిందా? ఏం చదివారు, ఎలా చదివారు?" అని మీలో ఒకరు అడిగారు. నాకు పోయిన వేసవిలో కుదిరింది. అంతకు ముందు ఆరేడేళ్ళు కుదరలేదు. అందుకని రెండు సంగతులూ చెబుతాను.

నేను టీచర్ని, ఉండేది కావలిలో. ఏప్రిల్ 24న బడి మూస్తే మళ్ళీ తెరిచేది జూన్ 12న. ఇన్ని రోజులు సెలవులు పెట్టుకుని కూడా చదవలేకపోతున్నానని ఏటా ఏడుపే. ఒక ఏడాది టైమ్‌టేబుల్ రాసి బీరువాకి అంటించాను, రోజుకి యాభై పేజీలని. మూడో రోజుకే నలభై పేజీలు బాకీ పడ్డాను. ఆ బాకీ తలుచుకుంటేనే టెన్షన్, ఆ టెన్షన్‌లో ఫోన్ తీసేదాన్ని. మధ్యాహ్నం ఏసీ వేసుకుని మంచం మీద పడుకుని చదువుదామన్నా అంతే. పడుకుంటే నిద్రైనా వస్తుంది, ఫోనైనా వస్తుంది.

పోయిన వేసవి ఎందుకు వేరుగా జరిగిందో చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ ఉలవపాడు పక్కన పల్లెలో ఉంటుంది. పుట్టిందీ మెట్టిందీ ఆ ఊరే, మేనరికం. ఆమె పుట్టినప్పుడు కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేసి అందులో కలిపారు. 2022లో తీసుకొచ్చి మళ్ళీ నెల్లూరులో పెట్టారు. "నేను గడప దాటలా, జిల్లాలే నా చుట్టూ తిరగతండాయి" అంటుంది. చదివింది ఐదో తరగతే అయినా ఒకప్పుడు వారపత్రికల్లో సీరియళ్ళు బాగా చదివేది. ఇప్పుడు ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోదానికి కావాలి. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయట.

సరే, పుస్తకాల సంగతి. కొత్త నవలంటే నా లెక్కలో ఈ పదేళ్ళలో వచ్చింది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళినప్పుడు నాలుగు కొన్నాను. తర్వాత ఆన్‌లైన్‌లో ఒకచోట ఇంకో రెండు ఆర్డర్ పెట్టాను. పదకొండు రోజులకు పార్సిల్ వచ్చింది. విప్పితే ఒకటి నవలే, రెండోది పోటీ పరీక్షల గైడు. వెనక్కి పంపడానికి అయిన తంటా వేరే కథ. మొత్తానికి ఐదు నవలలు సంచిలో వేసుకుని మే మొదటి వారంలో అమ్మ దగ్గరికి చేరాను.

వెళ్ళిన మర్నాడే నాకు డ్యూటీ పడింది. అమ్మ మూడు కిలోల మిరపకాయలు గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్ల మజ్జిగలో రెండు రోజులు నానేసి ఉంచింది. ఊరమిరపకాయలు. కొన్నిచోట్ల చల్ల మిరపకాయలంటారు. పొద్దున్నే కాయల్ని తీసి మిద్దె మీద గుడ్డ పరిచి ఎండబెట్టాలి. సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వెయ్యాలి. మజ్జిగంతా కాయలు పీల్చుకునే దాకా రోజూ ఇదే పని. పక్కనే సగ్గుబియ్యం వడియాలు. వీటన్నిటికీ కాపలా నేను. కాకికి మిరపకాయలతో పని లేదు గానీ వడియమంటే ప్రాణం.

మెట్ల గది నీడ పదకొండున్నర దాకా ఉంటుంది. అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుని, అలవాటు ప్రకారం ఫోన్ తీశాను. ఆ వెలుతురుకి స్క్రీన్ మీద ఏమీ కనపడలేదు. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే పది నిమిషాలకు ఫోన్ కాలిన పెనంలా తయారై, వేడి ఎక్కువైందని ఏదో హెచ్చరిక చూపించి ఆగిపోయింది. తీసుకెళ్ళి కింద బియ్యం డబ్బా మీద పెట్టి, పుస్తకం తెచ్చుకున్నాను. మీ ప్రశ్నకు సగం జవాబు ఇదే. ఫోన్ మీద నాకు నిగ్రహమేమీ రాలేదు. ఫోన్ పనిచెయ్యని చోట, కదలడానికి వీల్లేని పనిలో ఇరుక్కున్నాను, అంతే.

ఇంకో విచిత్రం. ఎవరూ కదిలించకుండా ఉంటేనే నవల చదవగలమని అనుకునేదాన్ని. ఇక్కడ పేజీకి రెండుసార్లు తలెత్తి చూడాల్సిందే. ఒక కాకి పిట్టగోడ మీద వాలి, నేను పేజీ తిప్పే టైమ్ కోసం చూసేది. నిజంగానే చూసేది. పేజీ తిప్పడానికి కళ్ళు పైకి పోయేవి కదా, అప్పుడు కదిలేది కాదు. మళ్ళీ మొదటి లైను మీద చూపు పడగానే గుడ్డ అంచు దాకా గెంతి, ఒక వడియం ముక్కున కరుచుకుని తుర్రుమనేది. మూడో రోజు నుంచి తాటాకు విసనకర్ర ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంత గొడవలోనూ రోజుకి ముప్పై, నలభై పేజీలు నడిచేవి. బహుశా తలెత్తి దించిన ప్రతిసారీ కథలో ఎక్కడున్నానో గుర్తు చేసుకోవాల్సి రావడం వల్లేమో, చదివింది మనసులో నిలిచేది కూడా.

మొదట పట్టుకున్నది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం'. 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి వచ్చింది, తర్వాత సినిమాగా కూడా తీశారు. కరువులో గొర్రెలకు మేతా నీళ్ళూ లేక కాపరులు మందల్ని నల్లమల అడవిలోకి తోలుకుపోతారు. ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చిన చదువుకున్న కుర్రాడు వాళ్ళతో వెళ్తాడు. ఇంతకంటే చెప్పను, చదవండి. నల్లమల మనకు దూరమేం కాదు, గిద్దలూరు వైపు వెళ్ళినవాళ్ళకు తెలుసు.

ఒక రోజు ఒక మాట భలే నచ్చి గట్టిగా చదివాను, నాలో నేనే. అమ్మ మెట్ల మీద కూర్చుని మాగాయకు ముక్కలు కోస్తోంది. కత్తిపీట చప్పుడు ఆగింది. "ఎవురే ఆ మనుషులు?" అంది. చెప్పాను. ఇక మొదలుపెట్టింది. ఎండాకాలం పడమటి నుంచి మందలోళ్ళు వచ్చేవాళ్ళట, మా తాత ఎరువు కోసం చేలో మంద పెట్టించేవాడట, ఒక ఆడమనిషి గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని మా ఇంట్లో గంజి తాగి వెళ్ళిందట. ఇవేవీ నాకెప్పుడూ చెప్పలేదు. నలభై ఆరేళ్ళొచ్చాయి నాకు.

ఆ రాత్రి అన్నాలయ్యాక అమ్మే అడిగింది, "ఆ పుస్తకం తే, ఇంకొంచెం చదువు" అని.

అక్కడి నుంచి నా వేసవి దారి మారింది. పగలు కాపలాలో ఒక పుస్తకం నాకోసం. రాత్రి మిద్దె మీద మరోటి అమ్మకోసం, పైకి చదవాలి. మనవైపు ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే. నేల వేడెక్కాక మధ్యాహ్నం దాటి సముద్రం నుంచి గాలి లోపలికి తిరుగుతుంది. అది తిరిగిన రోజు రాత్రి మిద్దె మీద స్వర్గం. పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి ఒడ్డు దాటి రాలేదు, చీకటి పడ్డాక కూడా వడగాలే. రోహిణి కార్తెలో వారం పైగా అలాగే ఉంది. ఆ రోజుల్లో చదవలేదు. తడిపిన తువాళ్ళు మీద వేసుకుని కళ్ళు మూసుకుని పడుకున్నాం. చదవని రోజుల్ని బాకీగా రాసుకోకపోవడం కూడా ఈసారే నేర్చుకున్నాను.

పైకి చదివితే గంటకు పదిహేను, ఇరవై పేజీలు మించవు. మొదట విసుగనిపించింది. కానీ మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు ఇస్తూ అమ్మ, "ఆ పిల్లోడికి పులి కనపడిద్దంటావా?" అని అడుగుతుంది. సాయంత్రం పక్కింటి అత్తకు కథంతా చెప్పేస్తుంది, సగం తన సొంతం కలిపి. రాత్రయ్యేసరికి ఇద్దరూ కొంగులు దోపుకుని సిద్ధం. నేను మానేద్దామన్నా మాననివ్వరు. పెట్టుకున్న నియమాలేవీ చెయ్యలేని పని, తర్వాతేమైందని అడిగే మనిషి చేసింది. ఆలోచిస్తే తెలుగు నవల పుట్టిందే ఇలా. వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని' పత్రికలో విడతలుగానే వచ్చింది. అమ్మ తరం వాళ్ళు పత్రికల్లో సీరియల్ కాగితాలు చించి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసుకునేవాళ్ళు. మనకు మాత్రం పుస్తకమంతా ఒకేసారి చేతికొస్తోంది. ఆగి ఎదురుచూడటమే లేదు.

అమ్మ తీర్పులు కూడా కఠినం. రెండో పుస్తకం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కుర్రాడి ఒంటరితనం గురించి. ముప్పై పేజీలు విని, "వాడి బాధేందో నాకర్థం కాలా. ఆకలా? పెళ్ళి కాలేదా?" అని అటు తిరిగి పడుకుంది. అది నేనే కాపలాలో పూర్తి చేశాను. చివరి మూడో వంతు బాగుంది, ఆమెకు చెప్పినా నమ్మలేదు. ఇంకోటి, ఒక కొత్త రచయితది, అరవై పేజీల దగ్గర నేనే వదిలేశాను. ప్రతి పేజీలో చందమామే. దానికి బాధపడలేదు, మీరూ పడకండి.

బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'కి మాత్రం ఇద్దరం పట్టుబడ్డాం. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల. పద్దెనిమిదో శతాబ్దంలో అనంతపురం ప్రాంతం, దాన్నేలిన హండె రాజుల కాలం. మనుషులు చాలామంది, పేర్లు నాకే కలగాపులగమయ్యాయి. అమ్మకు కాలేదు. చుట్టరికాలు లెక్కగట్టినట్టు ఎవరు ఎవరికేమవుతారో ఆమె చెబితే నేను సరిచేసుకున్నాను. ఒక రాత్రి మాత్రం మధ్యలో, "చాల్లే, ఈ పొద్దుటికి ఆపు" అంది. ఆపేశాను. చాలాసేపు మాట్లాడలేదు.

మిగతా సుఖాలన్నీ ఈ చదువు చుట్టూ అల్లుకున్నవే. ఉలవపాడు బంగినపల్లి కాయల్ని బోదగడ్డిలో మాగేసి, వాసన వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వదు అమ్మ. వాసన వచ్చిందా లేదా అని అధ్యాయానికోసారి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. తాటి ముంజలు బొటనవేలితో పొడిస్తే నీళ్ళు చిమ్మి 'శప్తభూమి' అట్ట మీద పడ్డాయి, ఇప్పటికీ మరక ఉంది. ఆదివారం చేపల పులుసులో పుల్ల మామిడికాయ ముక్కలు. సోమవారం పొద్దున అదే పులుసు చద్దన్నంలోకి. ఆ ఒక్క పూట మాత్రం పుస్తకం పక్కన పెట్టాను, రెండూ ఒకేసారి కుదరవు. మా ఆయన వచ్చినప్పుడు తుమ్మలపెంట సముద్రానికి పోయాం. పుస్తకం కూడా తీసుకెళ్ళాను, ఫొటోల్లో చూస్తాం కదా, ఒడ్డున కూర్చుని చదువుతున్నట్టు. ఒక్క పేజీ చదవలేదు. గాలికి కాగితం నిలవదు, కుట్టులోకి దూరిన ఇసుక ఇప్పటికీ రాలుతోంది.

మా అమ్మలాంటి మనిషి మీ ఇంట్లో లేకపోతే? మా పిన్ని కూతురు బెంగళూరులో ఉంటుంది. నేను చెప్పాక అది వాళ్ళ తోడికోడలికి రోజూ ఐదు నిమిషాలు చదివి వాయిస్ మెసేజ్ పెడుతోంది, అక్కణ్ణుంచి కూడా బెదిరింపులొస్తున్నాయట మిగతాది పంపమని. తొమ్మిదో తరగతి పిల్లలున్నా సరిపోతారు. పుస్తకాలు కొనడం భారమనిపిస్తే ఒక మాట. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. ఎప్పుడైనా ఆ రసీదు చూడండి. డబ్బు మనదే కాబట్టి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి ఫలానా కొత్త నవల తెప్పించమని మొహమాటపడకుండా అడగండి. నేనొకచోట అడిగితే రిజిస్టర్‌లో రాసుకున్నారు. రాలేదింకా.

ఐదో నవల సంగతి మిగిలింది. జూన్ 11 సాయంత్రం బయలుదేరేసరికి ఇంకా డెబ్భై పేజీలున్నాయి. కావలికి తీసుకెళ్తానంటే అమ్మ ఇవ్వలేదు. "ఆదివారం వచ్చి చదువు, ఈడే ఉంటది" అంది. పరీక్షలు, అడ్మిషన్లు, రెండు ఆదివారాలు పోలేకపోయాను. మూడో వారం ఫోన్ చేస్తే గొంతులో ఏదో తేడా. పక్కింటి మనవడికి రోజూ రెండు వడియాలు వేయించి పెట్టి మిగతాదంతా చదివించుకుందట. ముగింపు ఇప్పుడు ఆమెకు తెలుసు, నాకు తెలియదు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేసి, "ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా..." అని మొదలుపెడుతోంది. నేను హలో హలో, సిగ్నల్ లేదమ్మా అని కట్ చేస్తున్నాను.